మోనోలో విన్నామంటే ఏం విన్నట్టు? మిక్స్, మానిటర్లు, గది

పాటలు మిక్స్ చేసేవారి మధ్య, అంటే విడివిడి ట్రాక్‌లను కలిపి పాటగా కూర్చేవారి మధ్య, ఎంతకీ తెగని వాదాల్లో మోనో (ఎడమ, కుడి చానెళ్లను ఒకటిగా కలిపి వినడం) ఒకటి. మోనోలో నిలబడని మిక్స్ ఎక్కడా నిలబడదని ఒక పక్షం గట్టిగా చెబుతుంది. అందరి చెవుల్లోనూ రెండేసి ఇయర్‌బడ్లు ఉన్న రోజుల్లో మోనో గురించి దిగులెందుకని మరో పక్షం అడుగుతుంది. ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకుని, జత మానిటర్లు (స్టూడియో స్పీకర్లు) బల్లమీద పెట్టుకుని జానపద పాటలో, షార్ట్ ఫిల్ములకు నేపథ్య సంగీతమో చేస్తున్నవారికి ఈ రెండు మాటలూ వినపడుతూనే ఉంటాయి. మోనో బటన్ నొక్కితే పాట చిన్నబోయినట్టు వినిపిస్తుంది కానీ, ఆ చిన్నబోవడంలో ఎంత సహజమో, ఎంత దోషమో చెప్పేవారు అరుదు.

వాదం తెగకపోవడానికి నాకు కనిపించే కారణం ఒకటుంది. "మోనోలో విన్నాను" అనే మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. రెండు చానెళ్లను కలిపినప్పుడు సిగ్నల్‌లో ఏది మిగులుతుందో, ఏది పోతుందో చూడటం మొదటిది. ఆ కలిపిన సిగ్నల్‌ను ఒకే ఒక మానిటర్‌లో విని వాయిద్యాల మధ్య తూకాన్ని అంచనా వేయడం రెండోది. అదే సిగ్నల్‌ను రెండు మానిటర్లలోనూ విని, మానిటర్లు, గది సరిగ్గా అమరాయో లేదో తెలుసుకోవడం మూడోది. మొదటిది సిగ్నల్‌కు, రెండోది తూకానికి, మూడోది గదికి సంబంధించిన పరీక్ష. ఒక దాని ఫలితాన్ని మరో దానికి అన్వయించినప్పుడే చిక్కులు మొదలవుతాయి.

రెండు చానెళ్లు, వాటి మొత్తం, వాటి తేడా

స్టీరియో అంటే ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున రెండు సిగ్నళ్లు. మోనో అంటే ఒకే సిగ్నల్. దాన్ని ఎన్ని స్పీకర్లకు పంపినా అన్నిటిలోనూ అదే వస్తుంది. స్టీరియో పాటను మోనోగా మార్చడమంటే ఎడమ, కుడి సిగ్నళ్లను కూడి ఒకటి చేయడం. కూడిన తరువాత లెవెల్ హద్దు దాటకుండా సాధారణంగా సగానికి తగ్గిస్తారు.

ఏ స్టీరియో సిగ్నల్‌నైనా ఇంకో రకంగా కూడా రాసుకోవచ్చు. ఎడమను, కుడిని కూడితే వచ్చేదాన్ని "మిడ్" అని, ఎడమలోంచి కుడిని తీసేస్తే వచ్చేదాన్ని "సైడ్" అని అంటారు. ఈ రెండూ చేతిలో ఉంటే ఎడమ, కుడి చానెళ్లను మళ్లీ యథాతథంగా రాబట్టవచ్చు. మోనోలో వినపడేది మిడ్ మాత్రమే. సైడ్‌లో ఉన్నది ఎంత అందమైనదైనా పూర్తిగా మాయమవుతుంది. మోనో గురించి చెప్పుకునే ప్రతి విషయమూ ఈ ఒక్క వాక్యం నుంచే పుడుతుంది.

ఈ విభజన ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే పనిముట్లు) తయారుచేసేవారు కొత్తగా కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లోని ఈఎంఐలో పనిచేసిన అలన్ బ్లూమ్లైన్ 1931లో దాఖలు చేసిన స్టీరియో పేటెంట్‌లోనే మొత్తం, తేడా సిగ్నళ్ల ఆలోచన ఉంది. 1950ల చివర మార్కెట్‌లోకి వచ్చిన స్టీరియో గ్రామఫోన్ రికార్డులో సూది పక్కలకు కదిలే కదలికలో మొత్తం, పైకీ కిందికీ కదిలే కదలికలో తేడా నమోదవుతాయి. రెండు చానెళ్లలోనూ మందర స్వరాలు ఎదురెదురుగా ఉంటే సూది గాడిలోంచి ఎగిరిపోయే ప్రమాదముంది కాబట్టి, రికార్డు కోసే ఇంజినీర్లు కింది ఫ్రీక్వెన్సీలను మోనోగా మార్చేవారు, ఇప్పటికీ మారుస్తారు. అమెరికాలో 1961లో ఆమోదం పొందిన స్టీరియో ఎఫ్ఎం పద్ధతి కూడా ఇదే దారి పట్టింది. మొత్తం సిగ్నల్‌ను పాత మోనో రేడియోలకు అర్థమయ్యే చోట ఉంచి, తేడా సిగ్నల్‌ను 38 కిలోహెర్ట్జ్ ఉపవాహక తరంగం మీద ఎక్కించారు. సిగ్నల్ బలహీనపడినప్పుడు ముందుగా రొద పట్టేది ఆ తేడా సిగ్నలే. అందుకే ఊరు దాటి హైవే మీదికి వచ్చాక చాలా కారు రేడియోలు తేడాను మెల్లగా తగ్గించి మోనో వైపు జారుకుంటాయి. వినేవారికి ఆ మార్పు జరిగినట్టు కూడా తెలియదు. పక్కల్లో వినిపించే కోరస్ గాయకులు మాత్రం కాస్త వెనక్కి వెళతారు.

కూడికలో ఎవరు ఎంత పెరుగుతారు, ఎవరు ఎంత తగ్గుతారు

చిన్న లెక్కతో చూద్దాం. గాయని గొంతు సెంటర్‌లో ఉంది, అంటే ఎడమలో 1, కుడిలో 1. వీణ పూర్తిగా ఎడమకు పాన్ అయి (జరిపి) ఉంది, అంటే ఎడమలో 1, కుడిలో 0. రెండింటినీ కూడి సగం చేస్తే గొంతు 1గానే ఉంటుంది, వీణ 0.5 అవుతుంది. సగం కావడమంటే 6 డెసిబెళ్లు తగ్గడం.

అయితే మోనో నొక్కగానే వీణ 6 డెసిబెళ్లు కిందికి పోయిందని అనుకుంటే పొరపాటే. స్టీరియోలో విన్నప్పుడు కూడా గొంతు రెండు మానిటర్ల నుంచి, వీణ ఒక్కదాని నుంచే వచ్చాయి. గదిలో నిండే శక్తిని బట్టి చూస్తే అప్పటికే గొంతు వీణ కంటే దాదాపు 3 డెసిబెళ్లు పైన ఉంది. మోనోలో అది 6 అయింది. కాబట్టి తూకంలో నిజంగా వచ్చిన మార్పు సుమారు 3 డెసిబెళ్లే.

ఒకే గిటార్ భాగాన్ని రెండుసార్లు వేరువేరుగా వాయించి, ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి పెట్టినా ఫలితం ఇంచుమించు ఇదే. ఆ రెండింటి అలలు ఒకదానితో ఒకటి కుదరవు కాబట్టి కూడినప్పుడు 6 బదులు 3 డెసిబెళ్లే పెరుగుతాయి. సెంటర్‌లోని గొంతుతో పోలిస్తే 3 డెసిబెళ్లు వెనకబడతాయి. మిక్సర్లలో సెంటర్‌కు తెచ్చిన ధ్వనిని 3 డెసిబెళ్లో, 4.5 డెసిబెళ్లో, 6 డెసిబెళ్లో తగ్గించే "పాన్ లా" అనే అమరిక ఉండటానికి మూలం ఈ లెక్కే. గది శక్తికి సరిపోయేది 3, మోనో కూడికకు సరిపోయేది 6, రెండింటి మధ్య రాజీ 4.5.

అందువల్ల మోనోలో పక్కన ఉన్న వాయిద్యాలు కాస్త తగ్గడం దోషం కాదు, గణితం. రెండు మూడు డెసిబెళ్ల తగ్గుదలను చూసి కంగారుపడి ఫేడర్లు (లెవెల్ మీటలు) పైకి తోసేవారు స్టీరియోలో మిక్స్‌ను పాడుచేసుకుంటారు. కంగారుపడవలసింది తగ్గినవాటి గురించి కాదు, రంగు, అంటే ధ్వని గుణం, మారినవాటి గురించి, కనబడకుండా పోయినవాటి గురించి.

డోలక్ దగ్గర పెట్టిన రెండు మైకుల కథ

మన సంగీతంలో ఈ సమస్య తరచుగా ఎదురయ్యే చోటు రెండు మూతల వాయిద్యాలు. డోలక్, మృదంగం, డోలు వంటివాటిని రికార్డు చేసేటప్పుడు చెరో మూత దగ్గర ఒక మైకు పెట్టి, ఒకదాన్ని ఎడమకు, మరోదాన్ని కుడికి పాన్ చేయడం మామూలే. స్టీరియోలో వాద్యం నిండుగా, వెడల్పుగా వినిపిస్తుంది. మోనోకు మార్చగానే అడుగున ఉండే గుమ్మనే నాదం సన్నబడుతుంది.

కారణం వాద్యం నిర్మాణంలోనే ఉంది. మందర స్వరం పలికే మూత మీద దెబ్బ పడగానే ఆ మూత లోపలికి, అంటే తన ఎదురుగా ఉన్న మైకు నుంచి దూరంగా కదులుతుంది. లోపలి గాలి ఒత్తిడికి రెండో మూత బయటికి, అంటే తన ఎదురుగా ఉన్న మైకు వైపు కదులుతుంది. ఒక మైకుకు గాలి పలచబడినట్టు, రెండో మైకుకు గాలి చిక్కబడినట్టు అదే క్షణంలో తెలుస్తుంది. కింది ఫ్రీక్వెన్సీల్లో ఈ రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి తలకిందులుగా ఉంటాయి. దీన్నే పోలారిటీ ఎదురుగా ఉండటం అంటారు.

మందర నాదం మొదటి మైకులో 1గా, రెండో మైకులోకి 0.5గా చేరిందనుకుందాం. పోలారిటీ ఎదురుగా ఉంటే మొత్తం 0.5. ఒక మైకు ట్రాక్ మీద పోలారిటీ తిప్పే బటన్ నొక్కితే మొత్తం 1.5. ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 9.5 డెసిబెళ్లు. ఒక్క బటన్‌కు ఇంత తేడా వస్తుందంటే నమ్మడం కష్టమే కానీ, ఈక్వలైజర్‌తో బేస్ పెంచడానికి గంటలు వెచ్చించేవారు ముందుగా చూడవలసింది ఈ బటన్‌నే. అయితే పై ఫ్రీక్వెన్సీల్లో రెండు మూతల మధ్య ఇంత చక్కని సంబంధం ఉండదు కాబట్టి అక్కడ బటన్ ప్రభావాన్ని ముందుగా చెప్పలేం. రెండు స్థితుల్లోనూ మోనోలో విని ఎంచుకోవడమే మార్గం. ఒకే మూత ఉన్న డప్పుకు ముందొకటి, వెనకొకటి మైకులు పెట్టినా ఇదే వర్తిస్తుంది.

పోలారిటీతో పాటు కాలం కూడా కలుస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. ఒక మైకు మరోదాని కంటే 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే దానికి ధ్వని 1 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. 1 మిల్లీసెకను తేడా ఉన్న రెండు సమానమైన సిగ్నళ్లను కూడితే 500 హెర్ట్జ్ దగ్గర, 1,500 దగ్గర, 2,500 దగ్గర, అలా ప్రతి 1,000 హెర్ట్జ్‌కు ఒకచోట ధ్వని పూర్తిగా కొట్టుకుపోతుంది. మధ్యలో 1,000, 2,000 దగ్గర 6 డెసిబెళ్లు పెరుగుతుంది. గ్రాఫ్ గీస్తే దువ్వెన పళ్లలా కనిపించే ఈ ఆకారాన్ని కోంబ్ ఫిల్టర్ అంటారు. ఆలస్యంగా వచ్చిన సిగ్నల్ అసలుదానిలో సగమే ఉంటే పళ్లు అంత లోతుగా ఉండవు: తగ్గే చోట 6 డెసిబెళ్లు తగ్గి, పెరిగే చోట 3.5 పెరుగుతుంది. డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉందని మనం అనే గుణం చాలాసార్లు ఇదే.

వెడల్పు తెచ్చే ఉపాయాలు, వాటి ఖరీదు

ఒకే గొంతును కాపీ చేసి, కాపీని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి కుడికి, అసలుదాన్ని ఎడమకు పెడితే గొంతు విశాలంగా వినిపిస్తుంది. ముందు వచ్చిన ధ్వని వైపే చెవి మొగ్గుతుందని, స్వల్ప ఆలస్యాన్ని ప్రతిధ్వనిగా గుర్తించదని 1949లో హెల్మట్ హాస్ తన పరిశోధనలో వివరించారు. ఆయన పేరుతోనే ఈ ఉపాయాన్ని పిలుస్తారు. మోనోలో మాత్రం 33 హెర్ట్జ్ నుంచి మొదలై ప్రతి 67 హెర్ట్జ్‌కు ఒక పల్లం ఏర్పడుతుంది. గొంతులోని ప్రధాన స్వరాల్లో కొన్ని ఆ పల్లాల్లో పడతాయి, కొన్ని పడవు. అంటే రాగం నడిచేకొద్దీ ఒక స్వరం గట్టిగా, పక్క స్వరం మెత్తగా వినిపిస్తుంది. ఈ దోషాన్ని తరువాత ఏ ఈక్వలైజర్ కూడా సరిచేయలేదు. కాపీకి బదులు గాయనితోనే రెండోసారి పాడిస్తే ఈ సమస్య రాదు. రెండు గానాల మధ్య తేడాలు ప్రతి క్షణం మారుతూ ఉంటాయి కాబట్టి స్థిరమైన పల్లాలు ఏర్పడవు.

కోరస్ ఎఫెక్టులు, స్టీరియో వెడల్పు పెంచే ప్లగిన్లు, కొన్ని సింథసైజర్ ప్యాడ్‌లు (వెనక నిలిచి సాగే స్వరాలు) మరింత సాహసిస్తాయి. ఎఫెక్ట్ సిగ్నల్‌ను ఒక చానెల్‌లో తిన్నగా, మరో చానెల్‌లో తలకిందులుగా పెడతాయి. అది శుద్ధమైన సైడ్. మోనోలో ఎఫెక్ట్ మొత్తం పోయి, అసలు వాద్యం మాత్రం పొడిగా మిగులుతుంది. దీన్ని దోషం అనాలా, తెలివి అనాలా అన్నది వాడిన తీరును బట్టి ఉంటుంది. అలంకారం మాత్రమే పోయి అసలు స్వరం నిలిచినప్పుడు పెద్ద నష్టం లేదు. పైగా ఆలస్యపు కాపీ కంటే ఇదే మేలు. పాటకు ఆధారమైన శ్రుతిని ఆ ప్యాడే మోస్తుంటే మాత్రం, మోనోలో ఆ శ్రుతి లేకుండానే గొంతు వినిపిస్తుంది.

మీటర్ ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

కోరిలేషన్ మీటర్ ఎడమ, కుడి చానెళ్ల పోలికను +1 నుంచి -1 వరకు చూపుతుంది. రెండూ ఒకటే అయితే +1, సంబంధం లేకపోతే 0, తలకిందులైతే -1. ముల్లు ఎక్కువసేపు సున్నా కంటే కింద ఉంటే మోనోలో ఏదో కొట్టుకుపోతోందని అర్థం.

ఈ మీటర్‌ను మొత్తం మిక్స్ మీద పెట్టి నిశ్చింతగా ఉండటం కుదరదు. గొంతు, బేస్, కిక్ డ్రమ్ వంటి బలమైన సెంటర్ ధ్వనులు ముల్లును +0.7 దగ్గర నిలబెట్టగలవు. వాటి నీడలో ఒక ప్యాడ్ పూర్తిగా -1లో ఉన్నా మీటర్‌కు పట్టదు. ట్రాక్ తరువాత ట్రాక్‌గా చూస్తే మీటర్ ఉపయోగపడుతుంది. మొత్తం మీద చూసేటప్పుడు చెవినే నమ్మాలి. సైడ్‌ను మాత్రమే వినిపించే సాధనం ఉంటే, మోనోలో పోయేదేమిటో నేరుగా వినవచ్చు. నా ఉద్దేశంలో మీటర్ చూడటం కంటే ఇది త్వరగా విషయం తేలుస్తుంది.

రెండు మానిటర్లలో మోనో, ఒక్క మానిటర్‌లో మోనో

ఇంతవరకూ చెప్పుకున్నది సిగ్నల్ గురించి. దీనికి మానిటర్లతో పనిలేదు, హెడ్‌ఫోన్‌లో విన్నా తెలుస్తుంది. ఇక గాలిలో జరిగేదాన్ని చూద్దాం.

ఒకే సిగ్నల్‌ను రెండు మానిటర్లకూ పంపితే ధ్వని వాటి మధ్యలోంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. అక్కడ స్పీకర్ ఏదీ లేదు. దీన్ని భ్రమ సెంటర్ అనవచ్చు. నిజానికి ప్రతి చెవికీ రెండు మానిటర్ల ధ్వనీ చేరుతుంది. దగ్గరి మానిటర్ ధ్వని ముందు, దూరపు మానిటర్ ధ్వని తల చుట్టూ తిరిగి దాదాపు పావు మిల్లీసెకను తరువాత వస్తాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం పావు మిల్లీసెకను ఆలస్యానికి మొదటి పల్లం 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పడుతుంది. మాట స్పష్టతకు ఎంతో ముఖ్యమైన ప్రాంతమది. గది గోడల నుంచి తిరిగి వచ్చే ధ్వనులు ఈ పల్లాన్ని కొంత పూడుస్తాయి, అయినా అది ఉంటుంది. ఒక్క మానిటర్ నుంచి వచ్చే మోనోకు ఈ పల్లం లేదు.

పైగా రెండు మానిటర్ల మధ్య సరిగ్గా నడిమిన కూర్చుంటేనే ఈ మాత్రమైనా నిలుస్తుంది. మానిటర్లు, వినేవారు సమబాహు త్రిభుజంలా ఉన్నప్పుడు తల 10 సెంటీమీటర్లు పక్కకు జరిగితే రెండు దూరాల మధ్య తేడా సుమారు 10 సెంటీమీటర్లు, కాలంలో 0.3 మిల్లీసెకను అవుతుంది. అప్పుడు 1.7 కిలోహెర్ట్జ్ దగ్గర మరో పల్లం. కుర్చీలో కదిలినప్పుడల్లా గొంతు రంగు మారుతుంటే ఈక్వలైజర్ నిర్ణయం ఎలా తీసుకుంటాం?

అందుకే తూకం, రంగు తేల్చుకోవడానికి ఒక్క మానిటర్‌లో మోనో వినడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు. దీనికి పరిశోధనల మద్దతు కూడా ఉంది. కెనడాలో స్పీకర్ల మీద సుదీర్ఘంగా పరిశోధించిన ఫ్లాయిడ్ టూల్, శ్రోతలు స్పీకర్ల లోపాలను స్టీరియోలో కంటే ఒక్క స్పీకర్‌తో విన్నప్పుడే ఎక్కువ నిశితంగా పసిగట్టారని 1980లలో చూపారు. ఆయన పరిశోధన స్పీకర్ల గురించే అయినా, ఒకే చోటి నుంచి వచ్చే ధ్వనిలో రంగు దోషాలను చెవి సులభంగా పట్టుకుంటుందన్న విషయం మిక్స్‌కూ వర్తిస్తుందని భావించడంలో తప్పులేదు.

మరి రెండు మానిటర్లలో మోనో వినడం వృథాయేనా? కాదు. గదిని పరీక్షించడానికి అంతకంటే సులువైన మార్గం లేదు. మోనో గొంతు రెండు మానిటర్ల నడుమ ఒక బిందువులా నిలిచి వినిపించాలి. అది ఒక పక్కకు లాగుతుంటే ఒక మానిటర్ వాల్యూమ్ ఎక్కువైనా ఉండాలి, ఒక పక్క గోడ దగ్గరగా ఉండి రెండో పక్క తలుపు తెరిచైనా ఉండాలి. గొంతు ఎక్కడుందో తెలియకుండా తల చుట్టూ పరుచుకుని, బేస్ పలచబడితే ఒక మానిటర్ కేబుల్ తీగలు తారుమారైనట్టే. తమ మిక్స్‌లో ఫేజ్ దోషం (చానెళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం) ఉందని గాబరాపడేవారిలో కొందరి సమస్య ఇలాంటి కేబుల్ దగ్గరే ఉంటుంది.

నాలుగో రకం కూడా ఉంది, అది మోనోయే కాదు. కుడి మానిటర్‌ను ఆపేసి ఎడమదాన్ని మాత్రమే వింటే మనకు అందేది ఎడమ చానెల్, మొత్తం కాదు. కుడికి పాన్ చేసిన వాయిద్యం అక్కడ అసలు ఉండదు. ఏదీ కొట్టుకుపోదు కూడా. ముందు మోనో బటన్ నొక్కి, ఆ తరువాత ఒక మానిటర్‌ను ఆపాలి. మోనో బటన్ లేదని రెండు అవుట్‌పుట్‌లనూ వై ఆకారపు తీగతో నేరుగా ముడివేయడం కూడా తగదు. ఒక అవుట్‌పుట్ మరోదానికి భారమై రెండూ వక్రీకరిస్తాయి; మధ్యలో రెసిస్టర్లు ఉండాలి. నేటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో మోనో మీట ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది కాబట్టి ఆ తంటా అక్కర్లేదు.

లెవెల్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. రెండింటి నుంచి ఒక్క మానిటర్‌కు మారినప్పుడు కూర్చున్న చోట బేస్ దాదాపు 6 డెసిబెళ్లు, మిగతావి 3 నుంచి 6 డెసిబెళ్ల వరకు తగ్గుతాయి. తక్కువ శబ్దంలో చెవికి మందర స్వరాలు మరింత తక్కువగా వినపడతాయి. ఆ మేరకు వాల్యూమ్ పెంచకుండా పోల్చితే మోనోలో బేస్ పోయిందనే తప్పుడు నిర్ణయానికి వస్తాం.

ఏ మానిటర్‌లో వినాలి

1970, 80లలో పాశ్చాత్య స్టూడియోల మిక్సింగ్ బల్లల మీద ఆరాటోన్ అనే చిన్న ఘనాకారపు పెట్టె తప్పక కనిపించేది. అందులో ఒకే ఒక కోన్. బేస్ లేదు, మెరుపూ లేదు. దాని విలువ దాని పేదరికంలోనే ఉంది. రెండు డ్రైవర్ల మానిటర్లలో ధ్వనిని 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర చీల్చే క్రాసోవర్ ఉంటుంది. గొంతు, గిటార్, తీగవాద్యాల అసలు పోరు జరిగేది ఆ చుట్టుపక్కలే. ఒకే కోన్‌కు ఆ చీలిక లేదు కాబట్టి మధ్యస్థాయి తూకం సూటిగా వినిపిస్తుంది. 1978లో ఇళ్లలో వాడుకకని వచ్చి స్టూడియోలను ఆక్రమించిన యమహా ఎన్ఎస్-10 కూడా మూసిన పెట్టె కావడం వల్ల కింది స్వరాలను లాగకుండా త్వరగా ఆపుతుంది. 2001లో దాని ఉత్పత్తి ఆగిపోయినా ఇప్పటికీ వెతికి కొనేవారున్నారు.

వీటిని కొనకపోతే మోనో పరీక్ష సాధ్యం కాదనేది మాత్రం అతిశయోక్తి. ఉన్న జతలో ఒకదాన్ని వాడి, కింద 150 హెర్ట్జ్ వరకు ఫిల్టర్‌తో కోసి వింటే చిన్న పెట్టె చెప్పేదాంట్లో చాలా భాగం తెలుస్తుంది. క్రాసోవర్ గుణం ఒక్కటే మిగిలిపోతుంది.

ఎవరు మోనోలో వింటున్నారు

గుడి మీది హారన్ స్పీకర్లు, వినాయక మండపాలు, ఫంక్షన్ హాళ్లు, దుకాణాల పైకప్పుల్లో అమర్చిన స్పీకర్లు దాదాపు అన్నీ మోనో సిగ్నల్ మీదే నడుస్తాయి. ఒక మూల కూర్చున్నవారికి ఎడమ చానెల్ మాత్రమే వినిపించడం న్యాయం కాదు కదా. ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారాలు మోనో. వంటింటి స్మార్ట్ స్పీకర్, చాలా చిన్న బ్లూటూత్ స్పీకర్లు మోనో. ఫోన్లలో రెండు స్పీకర్లున్నా, బల్లమీద పెట్టి రెండడుగుల దూరం నుంచి వింటే వాటి మధ్య ఎడం లెక్కలోకి రాదు. ఒక చెవి సరిగా వినపడనివారి కోసం ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో అనే మీట ఉంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్‌ను ఇద్దరు చెరొకటి పంచుకుంటే మాత్రం అది మోనో కాదు. చెరో చానెలే వింటారు. పూర్తిగా పక్కలకు పాన్ చేసేముందు ఆ శ్రోతలనూ తలచుకోవడం మంచిది.

తక్కువ డేటాతో పాట పంపే కొన్ని స్ట్రీమింగ్ పద్ధతులు కూడా మోనో సిగ్నల్‌ను పంపి, పక్కన దిశల వివరాలను మాత్రమే జతచేసి, వినే వైపు స్టీరియోను మళ్లీ నిర్మిస్తాయి. అక్కడ సైడ్ ఎక్కువగా ఉన్న మిక్స్‌కు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ.

ముందే మోనోలో మిక్స్ చేయాలా

కొందరు ఇంజినీర్లు పాన్ చేయకముందే లెవెళ్లు, ఈక్వలైజర్ అన్నీ మోనోలోనే సరిచేస్తారు. వారి వాదనలో బలముంది. రెండు వాయిద్యాలు ఒకే ఫ్రీక్వెన్సీల్లో తగవులాడుతున్నప్పుడు వాటిని చెరో పక్కకు పెడితే చెవి దిశను బట్టి వేరుచేసుకుంటుంది. తగవు తీరదు, కప్పబడుతుంది. మోనోలో ఆ సాయం లేదు కాబట్టి ఫ్రీక్వెన్సీల్లోనే చోటు కల్పించక తప్పదు. అలా కల్పించిన చోటు స్టీరియోలోనూ మేలు చేస్తుంది.

అవతలి వాదననూ కొట్టిపారేయలేం. దిశ తేడాతో చెవి సహజంగా విడదీసుకోగలిగిన రెండు వాయిద్యాలను మోనో కోసమని ఈక్వలైజర్‌తో చెక్కుతూ పోతే రెండూ పలచబడతాయి. వీణలోని నిండుతనం గొంతుకు అడ్డొస్తోందని తొలగించిన తరువాత, స్టీరియోలో వీణ ఎడమకు వెళ్లాక అక్కడ ఖాళీ మిగులుతుంది. పైన లెక్కకట్టిన 3 డెసిబెళ్ల సంగతి కూడా ఉంది. మోనోలో సరిగ్గా కుదిరిన లెవెల్‌తో వాయిద్యాన్ని పూర్తిగా పక్కకు తిప్పితే, పాన్ లా అమరికను బట్టి అది స్టీరియోలో పెరిగి వినపడవచ్చు.

ఇద్దరి మాటలనూ తూచి చూస్తే, గొంతు, మందర స్వరాలు, ప్రధాన తాళం ఈ మూడింటి సంబంధాన్ని ఒక్క మానిటర్‌లో మోనోలో కుదర్చడం, పక్కనున్న అలంకారాలను స్టీరియోలోనే తీర్చి ఆ తరువాత మోనోలో సరిచూడటం సమంజసంగా నాకు తోస్తుంది. వేదిక మీద పెద్ద సబ్‌వూఫర్లతో వాయించే డీజే పాటలకు కింది ఫ్రీక్వెన్సీలు మోనోగానే ఉండాలనడంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. హెడ్‌ఫోన్‌లో వినడానికే రూపొందించిన ధ్యాన సంగీతానికి అంత నియమం అనవసరం.

ఐదు చానెళ్ల నుంచి ఒక చానెల్‌కు

సినిమా, ఓటీటీ పనిలో ఇంకో మెట్టు కలుస్తుంది. 5.1 మిక్స్‌ను (ఐదు చానెళ్లు, అదనంగా ఒక బేస్ చానెల్) స్టీరియోగా మార్చేటప్పుడు సెంటర్ చానెల్‌ను 3 డెసిబెళ్లు తగ్గించి, అంటే 0.707తో గుణించి, ఎడమకూ కుడికీ కలపడం అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉన్న పద్ధతి. ఆ స్టీరియోను టీవీయో, హాలులోని సౌండ్ సిస్టమో మళ్లీ మోనో చేస్తే సెంటర్‌లోని సంభాషణ 1.414 అవుతుంది, ఎడమ చానెల్‌లో మాత్రమే ఉన్న నేపథ్య వాద్యం 1గానే ఉంటుంది. సంభాషణకు ఇది మేలే. చిక్కు వచ్చేది గొంతును సెంటర్‌లో ఉంచి, కొంచెం ఆలస్యం చేసిన కాపీని ఎడమ, కుడి చానెళ్లలో కూడా పెట్టినప్పుడు. థియేటర్‌లో గొంతు తెరంతా నిండుతుంది. రెండు మెట్లూ దిగాక అదే గొంతు మీద దువ్వెన పళ్లు తేలతాయి.

అట్మోస్ (చుట్టూ, పైనుంచీ ధ్వని వచ్చే పద్ధతి) మిక్స్ నుంచి హెడ్‌ఫోన్ల కోసం తీసే బైనరల్ రూపానికి, అంటే రెండు చెవులకు ధ్వని చేరే తీరును అనుకరించే రూపానికి, మోనో పరీక్ష చేసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. పక్కనున్న ధ్వని ఒక చెవికి మరోదాని కంటే 0.6, 0.7 మిల్లీసెకన్ల వరకు ఆలస్యంగా చేరేలా ఆ రూపంలో ఉద్దేశపూర్వకంగా అమర్చి ఉంటుంది. ఆ రెండు చానెళ్లను కూడితే 700, 800 హెర్ట్జ్ ప్రాంతంలో పల్లం రావడం మిక్స్ తప్పు కాదు, ఆ రూపపు స్వభావం. స్పీకర్ల కోసం తీసిన స్టీరియో రూపాన్ని విడిగా మోనో చేసి, ఒక్క మానిటర్‌లో వింటేనే ఆ పాట విషయంలో సరైన జవాబు వస్తుంది.